అరవై తూటాలు విప్పిన శనివారం

పోయిన వారం కెల్లీవిల్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళేసరికి వంటింట్లోంచి ఒక వాసన గుమ్మం దాకా వచ్చింది. వేడెక్కిన ఆముదం, అందులో కరుగుతున్న తేనెమైనం. చెప్పులు విప్పుతున్నదాన్ని ఒంటికాలి మీద అలాగే నిలబడిపోయాను. లోపల మా అమ్మాయి చిన్న గిన్నెలో పుల్ల పెట్టి కలుపుతూ పెదాలకు రాసుకునే లేపనం తయారుచేస్తోంది. బజారులో దొరికేవాటిలో ఏవేవో రసాయనాలు ఉంటాయట. “ఇది తూటాలకి పూసేది కదే,” అన్నాను. దానికి తెలుగంతా అర్థమవుతుంది గాని జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. “మమ్, ఇట్స్ లిప్ బామ్,” అంది తల ఎత్తకుండానే. “తూటా అంటే బుల్లెట్,” అన్నాను. అప్పుడు తల ఎత్తింది. “ఐ నో వాట్ తూటా ఈజ్. హౌ డు యూ నో వాట్ గోస్ ఆన్ ఇట్?” అంది. చెప్పడానికి గంట పట్టింది. గిన్నెలో మైనం గడ్డకట్టింది.

ఎనభై తొమ్మిదిలో మేము సిడ్నీకి వచ్చిన కొత్తలో గిరావీన్‌లో ఒక ఇంటి వెనక భాగంలో అద్దెకుండేవాళ్ళం. నాది తెనాలి. రక్తపరీక్షలు చేసే ల్యాబులో నాకు ఉద్యోగం దొరికింది. మొదటి ఆరు నెలలూ పరీక్షాకాలం, నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే లేదు. మా ఆయన రైల్వే ఆఫీసులో గుమాస్తా. ఇల్లు గలావిడ పేరు అప్పలనర్సమ్మ, మేము ఆంటీ అని పిలిచేవాళ్ళం. అరవై ఏళ్ళు దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేది. ఫిజీలో పుట్టి, అక్కడే ఆడపిల్లల బడిలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పింది. వాళ్ళ తాత విశాఖపట్నం వైపు నుంచి చెరుకుతోటల్లో పనికి వెళ్ళినవాడు. ఆయన ఓడలో పట్టుకెళ్ళిన తెలుగు ఆ ఇంట్లో అలాగే ఉండిపోయింది. మొదటిరోజు తాళంచెవి చేతికిస్తూ, “ఏటే పిల్లా, కూడు తిన్నావేటి?” అని అడిగింది. మా ఆయన ఆ యాస విని నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. ఆవిడ అతని వంక చూసి, “నీ మొగుడికి ఒంట్లో బాగా నేదా?” అంది.

ఆవిడ దగ్గర ఒక పాత మిలటరీ రైఫిలు ఉండేది. మన పోలీసు స్టేషన్లలో కానిస్టేబుళ్ళ భుజాన వేలాడే త్రీ నాట్ త్రీ లాంటిదే. పటాలం వద్దనుకుని అమ్మేసినవాటిలో ఒకటి. ఫిజీలో సైన్యం అధికారం పట్టుకున్నాక వాళ్ళు ఇక్కడికి వచ్చేశారు. వచ్చిన మొదటి నెలలోనే నాయుడుగారు, అంటే ఆవిడ భర్త, దాన్ని కొనుక్కొచ్చాడట. “అక్కడ తుపాకులన్నీ ఆళ్ళ చేతుల్లోనే ఉన్నాయి, ఇక్కడ ఒక్కటైనా నా చేతిలో ఉండనీ, అన్నాడు,” అని ఆంటీ ఒకసారి నాతో అంది. ఆయన తుపాకులు పేల్చే క్లబ్బులో చేరి పది తూటాలు పేల్చి, భుజం వాచి ఇంటికొచ్చాడు. ఏడాది తిరక్కుండానే గుండెజబ్బుతో పోయాడు. క్లబ్బుకి సభ్యత్వం కార్డు తిరిగి ఇచ్చేద్దామని ఆంటీ వెళితే, అక్కడి కార్యదర్శి చిన్నపిల్లకి మిఠాయి ఇచ్చే గొంతుతో “వుడ్ యూ లైక్ ఎ లిటిల్ గో, లవ్?” అన్నాడట, ఒకసారి పేల్చి చూస్తావా అని. ఆ ‘లిటిల్’ అన్న మాట ఆవిడకి నచ్చలేదు. మర్నాడే లైసెన్సుకి దరఖాస్తు పెట్టింది.

కొట్లో దొరికే తూటాలు వాడితే రైఫిలు గాడిదలా తంతుంది. అందుకని ఆవిడ తన తూటాలు తానే చేసుకునేది. పెరటి షెడ్డులో సీసం కరిగించి, అచ్చులో పోసి, గుండ్లు తీసి, వాడేసిన ఇత్తడి గొట్టాల్లోనే కొంచెం తుపాకిమందు పోసి మళ్ళీ బిగించేది. అలా చేసినవి మెత్తగా తంతాయి. సీసం కోసం నన్ను వెంటబెట్టుకుని టైర్ల షాపుకి వెళ్ళేది. చక్రాలు సరితూగడానికి అంచున బిగించే సీసపు ముక్కలు అక్కడ పాతవి బకెట్లకొద్దీ పడి ఉంటాయి. చీర కట్టుకుని, పైన స్వెట్టరు, కాళ్ళకి రబ్బరు బూట్లు వేసుకుని ఆవిడ బకెట్ పట్టుకుని వెళితే షాపు కుర్రాళ్ళు చేతిలో పని ఆపి చూసేవాళ్ళు. ఏం చేస్తావని ఒకడు అడిగితే, “ఐ మేక్ జ్యువెలరీ,” అంది. బయటికి వచ్చాక ఎందుకలా చెప్పావని అడిగాను. “బుల్లెట్లంటే ఆడు బకెట్ ఇవ్వడు,” అంది.

మొదట్లో నా పని తలుపు దగ్గర నిలబడి చూడటమే. నీళ్ళ గ్లాసుతో షెడ్డు గడప తొక్కనిచ్చేది కాదు. కరిగిన సీసంలో ఒక్క చుక్క నీరు పడినా అది పేలినట్టు ఎగిరి మొహాన పడుతుంది. క్రమంగా నాకూ తోలు చేతితొడుగులు, కళ్ళజోడు వచ్చాయి. చల్లారిన గుండ్లను ఒక్కొక్కటే వెలుతురులో తిప్పి చూసి, ముడత ఉన్నదాన్ని తిరిగి మూకుడులో వేయడం నా వంతు. బాగున్నవాటికి చివర ఆముదమూ తేనెమైనమూ కలిపి పూసేవాళ్ళం. క్లబ్బులో బిల్ అనే మాజీ సైనికుడు ఉండేవాడు. ఆవుకొవ్వు కలిపితే ఇంకా బాగుంటుందని సలహా ఇచ్చాడు. “బిల్, అవర్ పీపుల్ హ్యాడ్ సమ్ ట్రబుల్ విత్ దట్ బిఫోర్,” అంది ఆంటీ. బిల్‌కి అర్థం కాలేదు. నాకు ఇంటికి వచ్చేదాకా నవ్వు ఆగలేదు.

ఇడ్లీల సంగతి కూడా చెప్పాలి. బకెట్లోని ముక్కల్ని ముందు కరిగించి, మురికి తీసేసి, శుభ్రమైన సీసాన్ని బిళ్ళలుగా పోసి దాచుకుంటారు. దానికి ఆంటీ తన పాత ఇడ్లీ పళ్ళెం వాడేది. వంటింటి వైపు మళ్ళీ వెళ్ళకుండా దాని అంచుకి ఎర్రరంగు పూసి పెట్టింది. ఒకరోజు మా చర్చి పాస్టరుగారు మా ఇంట్లో ప్రార్థనకి వచ్చారు. నేను లోపల టీ పెడుతున్నాను. ఆయన పెరట్లో పచార్లు చేస్తూ, షెడ్డు మెట్టు మీద పళ్ళేనికి కప్పిన గుడ్డ ఎత్తి చూశారు. పన్నెండు ఇడ్లీలు, తెల్లగా, కొంచెం మెరుస్తూ. పరాయిదేశంలో ఇడ్లీ చూసి ఎన్నాళ్ళయిందో పాపం, రెండు వేళ్ళతో ఒకటి ఎత్తబోయారు. అది లేవలేదు. మొత్తం చెయ్యి పెట్టి ఎత్తి, బరువు చూసి, మళ్ళీ జాగ్రత్తగా దాని గుంటలోనే పెట్టేశారు. లోపలికి వచ్చి చెయ్యి తువ్వాలుతో తుడుచుకున్నారు. ప్రార్థనలో అందరి ఆరోగ్యాన్నీ తలుచుకున్నాక కాస్త ఆగి, “ప్రభువా, ఈ గృహములో వంట చేయు హస్తములకు నీ జ్ఞానమును దయచేయుము,” అన్నారు. మా ఆయన గట్టిగా ఆమెన్ అన్నాడు. ఆ ప్రార్థనకి కారణం ఏమిటో మరుసటి వారం పాస్టరుగారి భార్య ద్వారా తెలిసింది. ఆంటీతో చెబితే, “వచ్చి నా చేతి అసలు ఇడ్లీ తినమను, అప్పుడు ప్రార్థన మార్చుకుంటాడు,” అంది.

క్లబ్బులో నన్ను ఒకే ఒక్కసారి రైఫిలు పేల్చనిచ్చింది. పక్క వరసలో బిల్. భుజానికి తువ్వాలు మడిచి పెట్టి, చెవులకి మూతలు తగిలించి, “ఊపిరి సగం వదిలి ఆపు, అప్పుడు నొక్కు,” అంది ఆంటీ. నేను ఊపిరి మొత్తం వదిలి, కళ్ళు రెండూ మూసుకుని నొక్కాను. నా గురి కాగితం తెల్లగా అలాగే ఉంది. కాసేపటికి బిల్ తన కాగితం తెచ్చుకుని లెక్కపెట్టుకున్నాడు. పేల్చింది పది, చిల్లులు పదకొండు. అందులో నడిమధ్యన ఉన్నది ఒక్కటే, అది తనది కాదని బిల్‌కే తెలుసు. ఆయన చాలాసేపు నా వంక చూశాడు.

ఇక ఆ శనివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరవై తూటాలు బిగించడానికి కూర్చున్నాం. చెక్కపలక గుంటల్లో ఇత్తడి గొట్టాలు నిలబెట్టి ఆంటీ ఒక్కోదాంట్లో కొలిచి మందు పోస్తుంది. నేను చిన్న టార్చితో ప్రతి గొట్టంలోకీ చూసి సరే అనాలి. ఆ తరవాతే గుండు బిగింపు. మెత్తటి తూటాకి మందు చాలా తక్కువ, గొట్టం అడుగున ఏ మూలో ఉంటుంది. పొరపాటున ఒకదాంట్లో రెండుసార్లు పోసినా పొంగి బయటికి రాదు, పైకి తెలియదు. పేల్చినప్పుడు మాత్రం చెంపపక్కనే రైఫిలు పగిలిపోవచ్చు. ఇదంతా ఆంటీ నాకు ముందే పదిసార్లు చెప్పింది. కానీ ఆరోజు నా మనసు ల్యాబు మీద ఉంది. మా సూపర్వైజరు మార్గరెట్ నన్ను పిలిచి, పని మరీ నెమ్మదిగా చేస్తున్నావని అంది. పరీక్షాకాలం ఇంకా రెండు నెలలుంది. ఆ బాధంతా చెప్పుకుంటూ టార్చి వేస్తున్నాను, తల ఊపుతున్నాను. అరవయ్యోది బిగించాక ఆంటీ అడిగింది.

“అన్నీ సూశావా?”

“చూశాను ఆంటీ.”

“సూసినట్టు తెలుసా, సూశాననుకుంటన్నావా?”

నేను తడుముకున్నాను. రెండో వరస దగ్గర మార్గరెట్ గురించి చెబుతున్నాను. ఆ వరసలోకి చూసిన గుర్తు లేదు. “అనుకుంటున్నాను,” అన్నాను.

ఆవిడ లేచి వెళ్ళి అలమారలోంచి సుత్తిలాంటి పనిముట్టు ఒకటి తెచ్చింది. దాని తలలో తూటాని బిగించి చెక్కదుంగ మీద కొడితే ఆ విసురుకి గుండు ఊడివస్తుంది. ఒక దెబ్బకి రాదు, నాలుగైదు కొట్టాలి. “రెండో వరస ఒక్కటే విప్పితే చాలదా?” అన్నాను. “డబ్బాలో కలిపేశాక రెండో వరస ఏది?” అంది. టక్, టక్, టక్. ఇరవై అయ్యేసరికి నా చెయ్యి లాగేసింది. ఆవిడ అందుకుంది. మా ఆయన బయటికి వచ్చి, “ఏం కొడుతున్నారు? వాన వచ్చేలా ఉందా, షెడ్డు కప్పు వేస్తున్నారా?” అని అడిగి, మా మొహాలు చూసి నెమ్మదిగా వెనక్కి వెళ్ళిపోయాడు. ఊడివచ్చిన మందు ఒక్కో గొట్టానిదీ విడిగా తూచాం. చివరిది తూచేసరికి ఎండ గోడ దిగిపోయింది. అరవైలో ఒక్కదాంట్లోనూ తప్పు లేదు.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. “అన్నీ సరిగ్గానే ఉన్నాయి ఆంటీ. అనవసరంగా కష్టపడ్డాం,” అన్నాను.

“ఇప్పుడు తెలిసింది కదే,” అంది ఆవిడ, మోచేతులకి ఆముదం రాసుకుంటూ.

తరవాత మూడు వారాలకి కాబోలు, ల్యాబులో పన్నెండు రక్తం గొట్టాలకి పేర్ల చీటీలు అంటిస్తుండగా ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చి మిగతావి అంటించేశాను. అన్నీ వరసలో పెట్టి చూసుకున్నాను. ఒకే ఇంటిపేరు గలవాళ్ళు ఇద్దరున్నారు. ఫోన్‌కి ముందు ఎవరిది అంటించానో, తరవాత ఎవరిది అంటించానో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. చుట్టూ ఎవరూ చూడలేదు. అలాగే పంపేస్తే ఎవరికీ తెలియదు. తప్పు కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఉద్యోగం పోతే ఆ ఇంట్లో కూడా ఉండలేం. గొట్టాల ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆఖరికి మార్గరెట్ గదిలోకి వెళ్ళి చెప్పాను.

“ఆర్ యూ సేయింగ్ దే ఆర్ రాంగ్?” అంది ఆవిడ.

“నో. ఐ డోంట్ నో దట్ దే ఆర్ రైట్,” అన్నాను.

ఇద్దరి గురించే కదా అనుమానం అంది. పన్నెండింటి గురించీ అన్నాను, ఎందుకంటే ఎక్కడి నుంచి మనసు పక్కకి పోయిందో కూడా నాకు తెలియదు. మార్గరెట్ పెన్ను బల్ల మీద పెట్టి కళ్ళు మూసుకుంది. పన్నెండు మందినీ మళ్ళీ పిలిపించారు. అందులో ఒక పెద్దాయన, చెయ్యి చాచి నా వంకే చూస్తూ, “లూజ్ ఇట్ అగైన్ అండ్ ఐ వోంట్ హ్యావ్ ఎనీ లెఫ్ట్,” అన్నాడు. మొదటి గొట్టాలు పారేశాం కాబట్టి అవి తప్పో ఒప్పో నాకు ఇవాళ్టికీ తెలియదు. నన్ను తీసేస్తారనుకున్నాను. పరీక్షాకాలం ఇంకో మూడు నెలలు పొడిగించారు. ఏడుస్తూ ఇంటికి వెళ్ళి ఆంటీకి చెప్పాను. ఆవిడ అంతా విని, “పన్నెండు మందికి మళ్ళీ సూది గుచ్చించావా?” అని అడిగి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒళ్ళంతా కదిలిపోయేలా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. ఆ గడువు తీరాక ఉద్యోగం ఖాయం చేసిన కాగితం ఇస్తూ మార్గరెట్ ఒకే మాట అంది. “యూ ఆర్ స్టిల్ స్లో,” అంది.

తొంభై రెండులో మేము సొంత ఇంటికి మారాం. కొన్నాళ్ళకి ఆంటీ బ్రిస్బేన్‌లో కూతురి దగ్గరికి వెళ్ళింది, అక్కడే పోయింది. రైఫిలు క్లబ్బుకి ఇచ్చేసిందట. ఎన్నేళ్ళు పేల్చినా కాగితానికి తప్ప దేనికీ చిల్లు పెట్టలేదు.

ఆ శనివారం నుంచి నేను నేర్చుకున్నది జాగ్రత్త అని చాలా ఏళ్ళు అనుకున్నాను. నిజానికి నేను ఇప్పటికీ పరధ్యానం మనిషినే. నేను సూపర్వైజరుగా ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం, కొత్తగా చేరిన అమ్మాయి నా గది గుమ్మంలో నిలబడి, ఆరోజు చేసిన నలభై రక్త నమూనాల్లో ఏవైనా తారుమారయ్యాయేమో తనకి తెలియడం లేదని చెప్పింది. తిట్టడానికి నోటి నిండా మాటలున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఆ శనివారం తప్పు నాదే అయినా ఆంటీ నన్ను ఒక్క మాట అనలేదు, నన్ను దుంగ ముందు కూర్చోబెట్టి లోపలికి వెళ్ళి పడుకోనూ లేదు. ఆ అమ్మాయి సారీ, సారీ అంటూనే ఉంది. ఆలస్యమవుతుందని ఇంటికి ఫోన్ చేసి చెప్పి, చేతులకి గ్లవ్స్ తొడుక్కుని, ఆమె పక్కన కుర్చీ లాక్కున్నాను. “సగం ఇటు జరుపు,” అన్నాను.