పైన నేను, కింద అక్క

మొన్న మద్రాసు నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసి, చిన్నమ్మా, ఈ ఊళ్లో భూమి కింద రైలు పోతుంది కదా, దాని పైనుండే వీధులు పట్టుకొని మొదటి స్టేషను నుంచి చివరిదాకా ఒక రోజంతా నడవాలనుకుంటున్నాము, నువ్వూ రారాదా అనింది. కర్నూల్లో పాల ప్యాకెట్టుకు తప్ప గడప దాటని నన్ను! నవ్వొచ్చింది గానీ, ఫోన్ పెట్టేసినాక ఊరికే కూర్చోలేకపోయినాను. పట్టాల వెంబడి నడవాలని అక్కా నేనూ వేసుకున్న పథకం ఒకటి యాభై ఏండ్లుగా అట్లే మిగిలిపోయి ఉంది మరి.

మాది బేతంచెర్ల. నాయనది బండల వ్యాపారం కాబట్టి ఇంటినిండా నున్నటి నాపబండలే. మీకూ గుర్తుండే ఉంటుంది, సుద్దముక్క దొరికితే చాలు, మన ఆటలన్నీ అట్లాంటి బండల మీదే కదా. అక్క మాత్రం వీధి తలుపు దగ్గర బేతంచెర్ల స్టేషను గీసి, నడవా పొడుగునా పట్టాలు లాగి, వంటింటి గడప దగ్గర పాణ్యం పెట్టేది. పాణ్యంలో మా పెద్దమ్మ ఉండేది. రైల్లో ఆమె ఇంటికి పోయేటప్పుడల్లా నడుమ ఒక గుట్ట పక్కన సీతాఫలం చెట్లు కనపడేవి, కాయలు కండ్లు విచ్చుకొని, చెయ్యి చాస్తే అందేటట్టు. అంతలోనే రైలు దాటిపోయేది. ఒక్కసారైనా ఆ చెట్ల కింద నిలబడాలని అక్క పంతం. నడిచిపోయి, పెద్దమ్మ ఇంట్లో అన్నం తిని, సాయంత్రం రైలెక్కి వచ్చేయాలని ఏర్పాటు. బండల మీద చూస్తే పాణ్యం నాలుగు అంగలే కదా! శుక్రవారం అమ్మ తడిగుడ్డ పెట్టి ఇల్లు తుడిస్తే మా లైను మొత్తం కొట్టుకుపోయేది, శనివారం మళ్లీ వేసుకునేవాళ్లం.

బొరుగులు, పప్పులపొడి మూటగట్టుకొని తీరా బయల్దేరబోయే పొద్దున, అక్కను పెండ్లిచూపులు చూసుకునేదానికి మద్రాసు వాళ్లు అదే పట్టాల మీద వచ్చి దిగినారు. కబురు ముందే వచ్చిందట, మాకెవరు చెప్పినారు! మా మూటలోని బొరుగులతోనే అమ్మ వాళ్లకు ఉగ్గాని చేసి పెట్టింది. పట్టుచీర కట్టుకుంటా అక్క నా చెవిలో, "పెండ్లయినాక పోదాంలేవే" అనింది. ఆ మాట నమ్మినాను చూడండి, నా అంత పిచ్చిది ఉంటుందా! పెండ్లయినాక ఆమెకు మద్రాసులో అంగడి, అత్తగారు, పిల్లలు. నాకూ అంతే. కలిసినప్పుడల్లా ఆ మాట ఎత్తి, నవ్వుకొని, ఊరుకునేవాళ్లం.

ఇప్పుడేమో అక్క మోకాళ్లు వీధి చివరిదాకా కూడా పోనివ్వవు. ఆమె లేకుండా నాకెందుకమ్మా ఆ నడక అనేసినాను పిల్లతో. కాసేపటికి అక్కే ఫోన్ చేసింది.

"ఏమే, యాడికి తప్పించుకుంటాండావు? నువ్వు పైన నడుచుకుంటా రా, నేను కింద రైల్లో వస్తా. ప్రతి స్టేషన్లో నీకోసం కూర్చోనుంటా. బొరుగులు మాత్రం నువ్వే తేవాల."

గొంతులో అదే పంతం. నాకు ఏడుపొచ్చింది.

ఆ సంబరంలో సుద్దముక్క తీసుకొని, మావాడు వేయించిన టైల్సు మీద మద్రాసు లైను గీద్దామని కూర్చున్నాను. గీత పడితే కదా! ఎంత ఒత్తినా జారిపోయేదే. చివరికి వేలితోనే ఉత్తుత్తిగా గీసుకొని చూసుకున్నాను.

ఆ కాలంలో రైలు పోతాంటే కిటికీల్లో ముఖాలు కనపడేవి, మనం చెయ్యి ఊపితే వాళ్లూ ఊపేవాళ్లు. ఇప్పుడు అక్క నా కాళ్ల కిందుగానే పోతుంది, నాకు కనపడదు. పక్కపక్కన నడవాల్సిన వాళ్లం, ఒకరు పైన, ఒకరు కింద అయిపోతిమి. అయినా మద్రాసుకు టికెట్టు తీయించుకున్నాను. బొరుగులతోపాటు సీతాఫలాలు కూడా ఈడనే మార్కెట్లో కొని తీసుకుపోతాను, ఏదో ఒక స్టేషన్లో ఇద్దరం కూర్చొని తింటాము. ఆ గుట్ట దగ్గరికి మాత్రం మేమిద్దరం ఇంక పోము.