టేపు వేసిన ఎమర్జెన్సీ ట్రేలు

నాణ్యత సర్టిఫికెట్ కోసం తనిఖీకి వస్తున్నారనగానే మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పెళ్లికళ వచ్చేసింది. నెల రోజుల పాటు గోడలకు రంగులు, తలుపులకు బోర్డులు. చేతులు ఎలా కడుక్కోవాలో స్టాఫ్ నర్సులం చిన్నపిల్లల్లా వల్లె వేశాం. కుళాయిలో నీళ్లు వచ్చేది మాత్రం రోజుకు గంటసేపే.

జాబితా ప్రకారం మూడు గదుల్లో మూడు ఎమర్జెన్సీ ట్రేలు ఉండాలట. మా సూపర్‌వైజరమ్మ బీరువాలో ఉన్న మందులన్నీ తీసి మూడింటికీ సర్ది, పైన టేపు అంటించి, సంతకం పెట్టింది. వాళ్లు చూసి వెళ్లేదాకా ఎవరూ ముట్టుకోకూడదంది. మిరప తోటలకు మందు కొట్టే రోజుల్లో, పురుగుమందుకు విరుగుడుగా ఇచ్చే ఇంజెక్షన్లను బొమ్మల కొలువు పెట్టడమేమిటని అడిగాను. నాకు నోరెక్కువన్నారు.

తనిఖీ రోజు పొద్దున్నే ఒకావిడ మొగుణ్ణి ఆటోలో వేసుకొచ్చింది. మందు కొడుతూ చేలోనే పడిపోయాడట. నోట్లో నురగ, ఒళ్లంతా చెమట. డాక్టరు గారు చూసి వెంటనే ఇంజెక్షన్ ఇవ్వమన్నారు. నేను ట్రే మీద చెయ్యి వేశాను.

"అది తీయబాకమ్మా! వాళ్ల కారు బయల్దేరిందంట. 108లో ఒంగోలు పంపించేద్దాం" అంది సూపర్‌వైజరమ్మ.

"ఒంగోలు దాకా ఆగుద్దా అండీ ఈయన ప్రాణం?" అని అరిచి టేపు చింపేశాను.

ఒక్క ట్రే చాలలేదు. మూడు ట్రేల్లోని ఇంజెక్షన్లూ అయిపోయాక గానీ అతని ఊపిరి కుదుటపడలేదు.

అప్పుడొచ్చారు తనిఖీ వాళ్లు. ట్రేలు ఖాళీ అని రాసుకున్నారు. గచ్చు శుభ్రంగా లేదని రాసుకున్నారు. బతికిన మనిషి వాళ్లెదురుగా మంచం మీదే ఉన్నాడు, అతని గురించి రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండిపోతుంది. శుభ్రత వద్దని ఎవరన్నారు? ఆ ప్రమాణాలన్నీ ఎవరి కోసం పెట్టారో అది మరిచిపోతే ఎలా?

వాళ్లు వెళ్లగానే, మార్కులు పోయాయని సూపర్‌వైజరమ్మ నన్ను అందరి ముందూ దులిపేసింది. ఆ మాటలు విని అతని భార్య మంచం పక్క నుంచి లేచింది. తలగుడ్డ విప్పి, మొగుడు కక్కుకున్న చోట మోకాళ్ల మీద కూర్చుని తుడవడం మొదలుపెట్టింది.

"మావల్ల మీకు మాటొచ్చింది. ఏమనుకోబాకండమ్మా" అంది తలెత్తకుండా.

సూపర్‌వైజరమ్మ ఆవిడకు ఫినాయిల్ సీసా అందించింది.