బసప్ప సార్ మిద్దె మీది స్టేషన్

సండూరులో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు: చచ్చిన తమ్ముడు రేడియోలో పిలిచాడనీ, ఆ గొంతు విని బసప్ప సార్‌కు మతి చెడిందనీ. శుద్ధ అబద్ధం. గొంతూ లేదు, పిలుపూ లేదు. ఆ మధ్యాహ్నం ఆయన పక్క కుర్చీలో ఉన్నది నేను. ఈ కథ చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఆ మిద్దె ఎక్కలేదు. నిన్న జిరాక్స్ అంగట్లో పాత ఫ్యాక్స్ మిషను గుడ్డ చింపినట్టు బర్రుమంటే నా చేతిలోని కాగితాలు కిందపడ్డాయి. ఆ రోజు వచ్చింది అలాంటి మోతే.

సార్ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. మాది పక్కిల్లు. రేడియో ఆయన సరదా, లైసెన్సున్న సరదా. తమ్ముడు ఈరన్న చేత కూడా ఆ లైసెన్సు పరీక్ష రాయించి, అతను గనుల మీదికి నడిపే జీపులో ఒక చిన్న పెట్టె బిగించారు. ఆ పెట్టె తానెక్కడుందో ఉపగ్రహాల ద్వారా తెలుసుకుని రెండు నిమిషాలకోసారి గాలిలోకి చెప్పేది. మిద్దె మీది యాంటెన్నా అది అందుకునేది, స్పీకరు బర్రుమనేది, కంప్యూటరు దాన్ని ఇంటర్నెట్‌లోని పటం మీద చుక్కగా పెట్టేది. ఇనుప గనులు జోరుగా సాగుతున్న రోజులు, యాంటెన్నాకు కూడా ఎర్రదుమ్ము పట్టేది. దాన్ని తుడవడం నా పని. బీయెస్సీ చదివి ఖాళీగా ఉన్నాను గానీ నా నోరు ఎన్నడూ ఖాళీగా లేదు.

"చుక్క కనపడకపోతే మనిషి లేనట్టా సార్?" అని వాదానికి దిగేదాన్ని.

"మనకు వినపడలేదని, అంతే. విన్నది లాగ్ పుస్తకంలో రాయి. అనుకున్నది నీకాడే పెట్టుకో తల్లీ."

ఒక వానాకాలం, బండ్రి దారిలో ఈరన్న చుక్క ఆగిపోయింది. జీపూ లేదు, మనిషీ లేడు. జీపు ఎత్తుకుని పారిపోయాడని గనివాళ్ళు తేల్చేశారు. "హగరి ఏరు దాటి ఆంధ్రాకు పోయింటాడు లేప్పా" అని టీ అంగడి దగ్గర నవ్వులు. అతని భార్య లక్ష్మక్కకు ఆరో నెల. రోజూ మిద్దె మెట్ల మీద కూర్చుని, "బావా, ఏమన్నా వస్తాండాదా?" అని అడిగేది. తాను దొంగ పెళ్ళామో, మొగుడు పోయినదో తెలియక కుంకుమ పెట్టుకోవాలన్నా చెయ్యి ఆగిపోయేది.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం స్పీకరు బర్రుమంది. తెర మీద ఈరన్న గుర్తు. చుక్క ఒక పాత గని గుంత మీద పడింది. ఒక్కసారే. మళ్ళీ రాలేదు.

"పాత కబురు కంప్యూటర్లో చిక్కుకుని ఇప్పుడు వదిలింది సార్," అన్నాను.

"కంప్యూటర్లో చిక్కుకుంటే స్పీకరు ఎందుకు మోగతాదమ్మా? గాలిలోనించి వచ్చింది."

చుక్క పక్కన చూపిన అంకెలన్నీ సార్ ఒక కాగితం మీదికి ఎక్కించారు.

ఆ అంకెలు పట్టుకుని సార్ పోలీసుల్ని గుంత దగ్గరకు తీసుకెళ్ళారు. రెండు నిలువుల వాన నీటి కింద జీపు, సీటులోనే ఈరన్న. ఆ తర్వాత అతన్ని దొంగ అన్నవాడు లేడు. కానీ నీళ్ళలో నాలుగు రోజులు నానిన పెట్టె పలకదు. పలికినా ఆ రేడియో నీళ్ళు దాటి రాదు. ఇది పాఠ్యపుస్తకం తెరిచిన ఎవరికైనా తెలుసు. సార్ లాగ్ పుస్తకంలో టైమూ అంకెలూ రాసి, కారణం దగ్గర ఖాళీ వదిలేశారు. మతి చెడినవాడి పనేనా అది? ఇప్పటికీ నేను పాఠం చెప్పే ల్యాబులో పిల్లలు తెలియని చోట కట్టుకథ రాస్తే ఆ జవాబు కొట్టేస్తాను, ఖాళీ వదిలితే మార్కు వేస్తాను.

ఒక్కటి మాత్రం నేనెవరికీ చెప్పలేదు. సార్ గుంత దగ్గరకు బయలుదేరుతుంటే లక్ష్మక్క ఆ కాగితం చూపమంది.

"ఈడ ఉండాడా బావా? బతికే ఉండాడా?"

"పెట్టె ఈడ ఉండాదమ్మా. మనిషి సంగతి నాకు తెలీదు."

కాగితం చాపిన సార్ బొటనవేలు చివరి అంకెను కప్పేసి ఉంది. తెర మీద దాన్ని నేను అప్పటికే చూశాను. అది వేగం. గంటకు నాలుగు కిలోమీటర్లు, మనిషి నడిచే వేగం. నిలబడ్డ పెట్టె కూడా ఒక్కోసారి లేని వేగం చూపుతుందని నాకు నేర్పింది ఆయనే. ఆ మాటైనా ఆయన ఆమెకు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

సార్ పోయి చాలా ఏళ్ళయింది. విన్నది విన్నట్టు చెప్పడమే బతుకుగా బతికిన మనిషి, ఆ అంకెను ఎవరికి కనపడకుండా దాచారు, ఆమెకా, తనకా?