చెరిసగం మందు

జీవరత్నం గారు ఫార్మసీలో పై చదువు చదువుతూ, పందొమ్మిది వందల డెబ్బైల నడుమ బెజవాడలోని ఒక మిషన్ ఆసుపత్రిలో శిక్షణకు చేరారు. మందులు పేదలదాకా ఎలా చేరాలన్నదే ఆవిడ పరిశోధన. దూరపు పల్లెల క్షయరోగులు వారం వారం బస్సెక్కి రాలేక మందు మానేస్తున్నారని, నెలకు సరిపడా ఒకేసారి ఇవ్వాలని డాక్టర్లతో వాదించి ఒప్పించారు.

ఆ రోగుల్లో చల్లపల్లి వైపు నుంచి వచ్చే శౌరమ్మ మందు తీసుకెళ్ళడం ఒక్క నెల కూడా తప్పలేదు. అయినా రోగం ముదిరింది.

"మాత్రలు వేసుకోవడం లేదా?" అని కసిరారు జీవరత్నం గారు.

"ఏసుకుంటన్నానండీ. మా ఆయనకీ దగ్గేనండీ. కూలి పోద్దని ఆసుపత్రికి రాడు. ఆయన ఎదురుగా దగ్గుతుంటే నేనొక్కదాన్నే ఎట్టా మింగేదండీ? అన్నంలాగే చెరిసగం ఏసుకుంటన్నాం."

మనిషికింతని లెక్కగట్టిన చదువుకు ఆ ఇల్లు తెలియదు. సగం మందుకు రోగం చావదు, మొండికేస్తుంది. అప్పటికే ఇద్దరిలోనూ అది ఏ మందుకూ లొంగనంతగా ముదిరిపోయింది. ఆ వేసవిలో భర్త జక్కయ్య పోయాడు. కోతలు రాకముందే శౌరమ్మా పోయింది.

జీవరత్నం గారు పరిశోధన మొదటినుంచి మళ్ళీ రాశారు. పెద్దలు మెచ్చుకున్నారు. ఆవిడ మాత్రం ఆ మెప్పు సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ మందు చేతిలో పెట్టేముందు ఆవిడ అడిగిన మాట ఒక్కటే.

"ఇంట్లో ఇంకెవరు దగ్గుతున్నారమ్మా?"