ఖాళీగా ఉంచాల్సిన గడి

మడమ మీది పుండుకు కట్టు మార్పించుకోవడానికి మొన్న ఒక్కరోజు వెళ్ళలేదు. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి నుంచి నర్సమ్మాయి ఫోను: "ఏంది అంకుల్, నిన్న రాలే? మీ పేరు పక్కన ఖాళీ ఉన్నది, మా మేడమ్ నా పానం తీస్తున్నది." వస్తానమ్మా అని నవ్వాను గానీ, ఆ తర్వాత పాత డైరీల పెట్టె తెరవకుండా ఉండలేకపోయాను.

డెబ్భైల్లో పాతబస్తీలోని ఒక ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో నేను రికార్డులు రాసేవాణ్ణి. మానని కాలిపుళ్ళకు కొత్త యాంటీబయాటిక్ మలాము మేలా, పాత పద్ధతి కట్టే మేలా అని మా డాక్టరుగారు పరిశోధన చేస్తుండేవారు. కడిగి అవతలిది కనబడేలా చేసిన ఎక్స్‌రే ఫిల్మును పుండు మీద ఆనించి, అంచు వెంబడి సిరాతో గీసి, గళ్ళ కాగితం మీద పెట్టి ఎన్ని గళ్ళు పట్టిందో లెక్కించి ప్రతి సోమవారం రిజిస్టరులో ఎక్కించడం నా పని. ఎవరైనా రాకపోతే రిజిస్టరులో వాళ్ళ గడి ఖాళీగా వదలాలి, ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి చూడాలి. అది డాక్టరుగారి నియమం.

గౌలిపురలో బర్రెల్ని పెట్టుకుని పాలమ్మే ఒక పెద్దావిడ వరుసగా రెండు సోమవారాలు రాలేదు. ముసురు పట్టి ఉంది, వెళ్ళాల్సిన వంతు నాది. పైగా కొట్టివేతలెరుగని నా రిజిస్టరులో ఖాళీ కనబడటం నాకు గిట్టేది కాదు. ఎలాగూ తగ్గుతున్న పుండే కదా అని, గళ్ళు కాస్త కాస్త తగ్గించి రెండు వారాలూ నింపేశాను.

మూడో సోమవారం ఆమెను భర్త రిక్షాలో తెచ్చాడు. ఒళ్ళు కాలిపోతోంది, పాదం నల్లబడింది. డాక్టరుగారు రిజిస్టరు తిరగేసి, పోయిన వారం బాగానే ఉందే అన్నారు.

"పోయిన వారం నేనేడ వచ్చిన సారూ? బర్రె నేడో రేపో ఈనేటట్టుండె, ఇడిచిపెట్టి రాకపోతి."

డాక్టరుగారు నా వైపు చూశారు. నేను తల దించుకోవడం చూసి ఆమే కంగారుపడింది. "ఆయ్ననేమనకుండ్రి సారూ, తప్పు నాదే. బిడ్డా, నీకని జున్నుపాలు తెచ్చిన, తీస్కో."

ఎన్ని ఇంజెక్షన్లు ఇచ్చినా పాదం దక్కలేదు.

ఆ రెండు సోమవారాల డైరీలో మాత్రం నిజమే రాసుకున్నాను: 'వాన. గౌలిపుర ఆమె రాలేదు.'

ఇప్పుడు ఒక్కరోజు తప్పితే చాలు, ఫోను మోగుతుంది. ఆ రోజుల్లో ఇలాంటి సదుపాయాలెక్కడివి అని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను. గౌలిపుర మా ఆసుపత్రికి అరగంట నడక.