ఎవరూ అడగని గడ్డ

దయ్యాల కథలంటే నాకు భయం లేదు, చిరాకు. ఇప్పటికీ అంతే. ఇది చదివి నన్ను కూడా ఆ నమ్మేవాళ్ళ జాబితాలో వేయకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

తెలంగాణ ఉద్యమం మంచి వేడి మీదున్న రోజులు. నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో భూగోళశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మాది కోనసీమ, నాన్నగారి ఉద్యోగం వల్ల తార్నాకలో స్థిరపడ్డాం. గేటు దగ్గర రోజూ ఎవరో ఒకరు “ఎక్కడోడివి?” అని అడిగేవారు. తార్నాక అంటే ఒప్పుకునేవారు కాదు. ఆ మంట నాలో ఉండేది.

మా ప్రొఫెసర్ నాకూ యాదగిరికీ కలిపి ఒక పని అప్పజెప్పారు. దక్షిణ ధ్రువం చుట్టూ ఉన్న దీవులతో తెలుగులో పెద్ద గోడ మ్యాపు. బాగా చేసినవాడికి డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం. యాదగిరి రైతుబిడ్డ, అడిక్‌మెట్‌లో గది తీసుకుని ఉండేవాడు. నాకంటే బాగా గీసేవాడు. అదే నాకు గిట్టేది కాదు.

మొదటి రోజే గొడవ. నేను దీవిని ‘లంక’ అని రాశాను. మా వైపు అదే మాట.

“నీ లంక గోదావరిల ఉంటది. మంచుల లంకేంది? గడ్డ అని రాయి,” అన్నాడు.

అక్కడి దీవులు చాలావాటికి ఓడల్లో వచ్చినవాళ్ళు తమ రాజుల పేర్లు పెట్టి వెళ్ళిపోయారు.

“ఒడ్డున కాలు వెట్టకుండనే పేర్లు వెట్టిండ్రు. ఆ గడ్డను ఎవడన్న అడిగిండా?” అని నా వైపు చూశాడు, ఆ పేర్లన్నీ నేనే పెట్టినట్టు. ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు. పాత చార్టులో పేరు లేని చిన్న దీవి ఒకటుంటే, మ్యాపులో దాని పక్కన ఖాళీగా వదిలేశాం.

ఒక మధ్యాహ్నం క్యాంపస్‌లో రాళ్ళు, లాఠీలు, టియర్ గ్యాస్. మ్యాపుల గదిలో నేనొక్కడినే ఉన్నాను. లోపలి నుంచి గడియ వేసుకున్నాను. కిటికీలకు ఇనప జాలీ. గ్యాస్‌కి కళ్ళు మండిపోతుంటే తడి రుమాలు మొహానికి అదుముకుని ఐదు నిమిషాలు కూర్చున్నాను.

రుమాలు తీసేసరికి, ఎదురుగా బల్ల మీదున్న మా మ్యాపులో ఆ పేరు లేని దీవి పక్కన ‘ఎవరూ అడగని గడ్డ’ అని రాసి ఉంది.

సిరా తడిగా ఉంది. సీసా మూత బిగించే ఉంది. నా వేళ్ళు చూసుకున్నాను, మరక లేదు. దస్తూరి యాదగిరిదే, డ వత్తు తోకను అంత పొడుగ్గా లాగడం అతనొక్కడి అలవాటు. ముట్టుకుంటే ఆ చోట కాగితం ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉంది. మిగతా షీటు మామూలుగానే ఉంది.

భయపడ్డాను. భయం వెనకే ఇంకో ఆలోచన వచ్చింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. బయట సద్దుమణిగాక ప్రొఫెసర్ దగ్గరికెళ్ళి, “యాదగిరి మ్యాపు పాడుచేశాడు సార్,” అన్నాను. దస్తూరి చూసి ఆయన నమ్మారు. గడియ సంగతి నేను చెప్పలేదు.

నాలుగో రోజు యాదగిరి తలకి కట్టుతో వచ్చాడు. టియర్ గ్యాస్ వదిలిన రోజు పొద్దున్నే పోలీసులు పట్టుకెళ్ళి, మళ్ళీ ఈ నాలుగో రోజే వదిలారట. నా ఫిర్యాదు సంగతి అతనికి తెలియదు. మ్యాపు ముందు నిలబడి ఆ పేరు చదివాడు. మొదటిసారి నన్ను చూసి నవ్వాడు.

“అచ్చం నా రాతే దించినవ్ గదా! మస్తు పేరు వెట్టినవ్ భాయ్. నిన్ను తప్పుగ అనుకున్న.”

అంతలో ప్రొఫెసర్ తన గదిలోంచి అతన్ని పిలిచారు.

“ఆగు, వచ్చినంక చాయ్ తాగుదాం,” అని లోపలికి వెళ్ళాడు.

వెనకాలే వెళ్ళి నిజం చెప్పొచ్చు. నేను బయటికి వచ్చేశాను.

ఆ పేరు ఎవరు రాశారో నాకు ఈనాటికీ తెలియదు. ఆ ఉద్యోగం మాత్రం పదకొండేళ్ళు చేశాను.