డబ్బాలో బావ గొంతు

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నాకు బుద్ధుందని మాత్రం గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ రెండో నమ్మకమే ముందు పోయింది.

మచిలీపట్నంలో కూర్చుని రొయ్యల చెరువులకి అలారం డబ్బాలు తయారుచేస్తుంటాను. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే డబ్బా అరుస్తుంది. అరుపుని మెమరీ కార్డులో పెడితే ఉప్పుగాలికి కార్డు పాడైపోయేది. అందుకని సౌండు ఫైలుని అంకెల వరుసగా మార్చి, సి భాషలో రాసిన ప్రోగ్రాంలోనే ఇరికించి, కంపైల్ చేసి చిప్పులోకి ఎక్కించాను. ఇక ఫైలంటూ విడిగా ఉండదు. అప్పడంలో జీలకర్రలా కలిసిపోతుంది. మార్చాలంటే మళ్లీ పిండి కలపడం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. మా అక్క పద్మ దాన్ని "ఛీ భాష" అనేది.

నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, గొంతు కోసం ఎక్కడా వెతక్కుండా అక్క మొగుణ్ణి పట్టుకోవడం. కోడూరు దగ్గర వాళ్లకి చెరువులున్నాయి. బావది మైకు అక్కర్లేని గొంతు. "ఆక్సిజన్ పడిపోతోంది, ఏరేటర్లు వెయ్యండి" అని ఒక్క వాక్యం చెప్పించి రికార్డు చేశాను. ఏరేటర్లంటే నీళ్లని చిలికి గాలి కలిపే కరెంటు చక్రాలు.

"ఏం బావమరిదీ, నన్ను డబ్బాలో పెట్టి మూతేశావా? నేను పోయాక కూడా మీ అక్క మీద అరవచ్చన్నమాట!" అన్నాడు. అందరికంటే ఎక్కువ అక్కే నవ్వింది.

ఏడాది తిరక్కుండా బావ గుండెపోటుతో గుడివాడ ఆసుపత్రిలో పోయాడు. గొంతు మార్చేస్తానన్నాను. "ఉండనీరా, అలాగైనా వినపడతారు" అంది అక్క. చెరువులు తనే చూసుకోవడం మొదలుపెట్టింది. ఆక్సిజన్ బాగున్న రోజుల్లో కూడా టెస్ట్ బటన్ నొక్కి వినేదని తర్వాత తెలిసింది.

మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం నేనక్కడే ఉన్నాను. డబ్బా అరిచింది. అక్క ఏరేటర్లు వేసింది. గట్టు పక్కనున్నది తిరగలేదు, రెక్కలకి నాచు చుట్టుకుంది. మెయిన్ ఆపి దిగాలి. ఆపితే మిగతావి కూడా ఆగి రొయ్య చచ్చిపోతుందని అక్కడ చాలామంది కరెంటు ఉండగానే దిగిపోతారు. అక్క చీర ఎగ్గట్టి గట్టు అంచుదాకా వెళ్లి ఆగింది.

"ఎందుకోరా, ఇవాళ దిగబుద్ధి కావట్లేదు" అంది.

అప్పుడు డబ్బా మాట్లాడింది. "పద్దూ, దిగు."

బావ గొంతే. అరుపు కాదు. చెరువు దగ్గర స్కూటరు ఆపినప్పుడు రోజూ అనే మాట, అదే నెమ్మదితో. అక్క ఇంకేం ఆలోచించకుండా కాలు ముందుకి పెట్టింది. నా చెయ్యి ఆమె కొంగు అందుకుంది. ఇద్దరం బురదలో చతికిలబడ్డాం.

ఆ అలికిడికి గట్టు మీది కప్ప ఒకటి నీళ్లలోకి దూకింది. మళ్లీ కదల్లేదు.

మెయిన్ ఆపి చూస్తే, కేబుల్ పైతొడుగు చీలి రాగితీగ నీళ్లలో ఉంది.

చిప్పు ఇంటికి తెచ్చి, అందులో ఉన్నదంతా వెనక్కి చదివి, నేను ఎక్కించినదానితో పోల్చాను. ఒక్క అంకె తేడా లేదు. అదే వాక్యం. డబ్బాకి మైకు లేదు, నెట్ లేదు. అసలు రికార్డింగు మొత్తం విన్నాను, అందులో అక్క పేరే లేదు. నా భ్రమ అనుకుందామంటే, కాలు కదిపింది అక్క.

తను నన్ను ఒక్కటే అడిగింది. "తెలియక పిలిచారా? తెలిసే పిలిచారా?"



నా చేతిలో ఉన్న పని ఒక్కటే చేశాను. బావ అంకెలన్నీ పీకేసి కొత్త ఫైలు ఇరికించాను. ఇప్పుడు హెచ్చరిక నా గొంతులో వస్తుంది. గేదె దగ్గినట్టుందని కోడూరులో చెప్పుకుంటున్నారట, చెప్పుకోనివ్వండి. దాని వెనకే, ప్రతిసారీ, అక్క డబ్బా వైపు తిరిగి మర్యాదగా జవాబు చెబుతుంది.

"నేను దిగనండీ."